గుండె బొమ్మ, మాత్రల సంచి

శేషాచలపు కొండలను చీల్చుకొని పాపాఘ్ని నది మైదానమునకు దిగు గండి క్షేత్రమునకు దాపున, వేరుశెనగ చేలకును, చీనీ తోటలకును, అరటికిని పేరుపడిన మెట్టసీమ నడుమ నున్న వేంపల్లెలో, నడివయస్సు రైతు ఒకడు తెల్లవారుజామున లేచి, ఎదలో బండ పెట్టినట్లున్నదనియు, ఒడలెల్ల చెమట పట్టుచున్నదనియు, ఎడమ చేయి లాగుచున్నదనియు చెప్పినప్పుడు, ఇంటివారికి మొదట తోచునది రాత్రి తిన్న సంగటి అరుగలేదనియే. "గ్యాసు పట్టినట్టుండాది, రొంత వాము నమలు" అని ఇల్లాలు అనును. "సూది ఏపిచ్చుకుంటే సద్దుకుంటాది లేన్నా" అని తమ్ముడు బండి తీయును. వీధి చివరి ఆర్.ఎం.పి. వైద్యుడు నడుమునకు నొప్పి సూది ఒకటి వేసి, పొట్లము కట్టి ఇచ్చును. గుండె అను మాట వారి నోట వచ్చునప్పటికి ప్రొద్దు నడినెత్తికి ఎక్కి యుండును.

ఆ కుటుంబమును నిందించుట న్యాయము కాదు. గుండెపోటు నొప్పి గుండె ఉన్నచోటనే పుట్టవలెనను నియమము లేదు. అది పొట్ట పైభాగమున మంటగా రావచ్చును, దవడకు ప్రాకవచ్చును, వీపున దిగవచ్చును. ఏండ్ల తరబడి మధుమేహముతో నరములు మొద్దువారిన వానికి నొప్పియే లేక ఆయాసము, నిస్త్రాణ మాత్రమే కలుగవచ్చును. స్త్రీలయందు ఈ మారువేషములు మరింత తఱచు. దీనికి తోడు, ఎండలో ఒడలు వంచి పనిచేసి రాగిసంగటి తినువానికి గుండెజబ్బు రాదనియు, అది పట్టణములలో కుర్చీలయందు కూర్చుండువారి రోగమనియు ఒక పాత నమ్మకము పల్లెలను పట్టి యున్నది. ఈ నమ్మకము తప్పని చూపిన ఆధారము మన తెలుగునేలపైననే దొరకినది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు, సుమారు 1,80,000 జనాభాలో, 2003-04 నడుమ ఒక సంవత్సర కాలమున సంభవించిన 1,354 మరణములకు కారణములేవో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమము వారు మృతుల ఇండ్లకు పోయి విచారింపగా, వానిలో 32 శాతము గుండె, రక్తనాళముల వ్యాధుల వలననే కలిగినవని తేలినది. పల్లెలను చంపునవి విషజ్వరములును, విరేచనములును మాత్రమే అనుకొనుచున్న కాలమున వెలువడిన లెక్క ఇది. అది డెల్టా, ఇది మెట్ట అని తప్పించుకొనుటకు వీలు లేదు. బీడీయు, ఖైనీయు, ఊరగాయలలోని ఉప్పును, మరల మరల కాచిన నూనెయు, కాలినడకను మాన్పించిన మోటారు సైకిలును అచ్చట నున్నంతగా ఇచ్చటను కలవు. 52 దేశములలో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన, దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు ఇతరులకంటె అయిదారేండ్లు ముందుగా, 53 ఏండ్ల ప్రాయముననే వచ్చుచున్నదని చెప్పినది. అనగా కుమార్తె పెండ్లియు, బోరు అప్పును ఇంకను తీరని వయస్సున.

తెల్లవారుజామున ఆ రైతు ఎదలో జరిగినదేమి? గుండె కండరమునకు రక్తమును మోయు నాళములలో ఒకదాని లోపలి గోడపై ఏండ్లుగా పేరుకొన్న క్రొవ్వు పొర పగులును. ఆ పగులును మూయబోయి రక్తము గడ్డకట్టి నాళమును అడ్డగించును. ఆ క్షణము మొదలుకొని కండరము నిమిషనిమిషమునకు చచ్చుచుండును. ఈ సంగతిని తెలుపుటకు మహానగర యంత్రములు అక్కరలేదు. ఐంథోవెన్ అను హాలండు శాస్త్రజ్ఞుడు ఇరువదవ శతాబ్ది తొలి ఏండ్లలో రూపొందించి, 1924లో నోబెల్ బహుమానము పొందిన ఇ.సి.జి. చాలును. ఆస్పత్రి మెట్టు ఎక్కిన పది నిమిషములలో ఆ చీటీ చేత నుండవలెనని వైద్యశాస్త్రము విధించుచున్నది. మొదటి చీటీ బాగున్నదని ఇంటికి పంపుటయు తగదు. నొప్పి తగ్గనిచో కొంతసేపటికి మరల తీయవలెను, ఏలయన తొలి గంటలో ఇ.సి.జి. మౌనముగా నుండుట కలదు.

ఈ దశలో పనిచేయు మందులలో అతి చవుకది ఆస్పిరిన్. 1988లో ప్రకటింపబడిన ఐసిస్-2 అను పరీక్షలో, గుండెపోటు అనుమానమున్న 17,187 మందిని చూడగా, నెలపాటు రోజుకొకటి ఇచ్చిన ఆ చిన్న మాత్రయే అయిదు వారములలోని హృద్రోగ మరణములను నాల్గవవంతుకు దగ్గరగా తగ్గించినది. గడ్డను కరగించు సూదిమందు తోడైనప్పుడు తగ్గుదల నూటికి నలుబదిని దాటినది. ఆ కరగించు మందులలో నేడు వాడుకలో నున్న టెనెక్టెప్లేజ్ వెల వేలాది రూపాయలు; కూలి కుటుంబమునకు అందరాని వెల. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో ఆరంభించిన స్టెమీ అను గుండెపోటు చికిత్స కార్యక్రమపు విలువ ఇచ్చటనే తెలియును: చిన్న ఊరి ఆస్పత్రిలో తీసిన ఇ.సి.జి.ని తిరుపతి, కర్నూలు వంటి పెద్ద కేంద్రములలోని హృద్రోగ నిపుణుడు తెరపై చూచి చెప్పగా, ఆ మందును ఉచితముగా అచ్చటనే ఎక్కించి, పిమ్మట రోగిని పెద్ద ఆస్పత్రికి తరలింతురు. వేంపల్లె నుండి కడపకు గంట ప్రయాణము. కడప నుండి తిరుపతికి మరి నూట నలుబది కిలోమీటర్లు. ఈ దూరమును మందు జయించునే కాని మోటారు జయింపజాలదు.

ఇచ్చట ఆ నొప్పి సూది సంగతి మరల చెప్పవలసి యున్నది, ఏలయన అది కాలహరణము మాత్రమే చేసి ఊరకుండదు. కండలోనికి వేసిన ఏ సూదియైనను, పిమ్మట గడ్డ కరగించు మందు ఎక్కించినప్పుడు, ఆ గాయము నుండి లోలోపల రక్తము కారుటకు దారి చేయును. అందులోని డైక్లోఫెనాక్ స్వయముగా గుండెకు హాని చేయు జాతి మందు. నొప్పి కొంత తగ్గుటచే రోగి ఊరట చెంది ఇంట పండుకొనును. కండరము మాత్రము చచ్చుచునే యుండును. ఆర్.ఎం.పి.లు పల్లెకు చేసిన మేలును నేను కాదనను. అర్ధరాత్రి పిలిచిన పలుకువారు చాల ఊళ్లలో వారొక్కరే. అందుచేతనే వారిని దూషించుటకంటె, ఎదనొప్పి అన్నవానికి సూది వేయక, ఇ.సి.జి. ఉన్నచోటికి వెంటనే పంపవలెనను ఒక్క నియమమును వారిచే పాటింపజేయుట ఆరోగ్యశాఖ పూనుకొనవలసిన పని.

ఇక గుండె బొమ్మల సంగతి. 1929వ సంవత్సరము ఈ విషయమున తలచుకొనదగినది. ఆ యేట జర్మనీలో ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు తన మోచేతి రక్తనాళము నుండి సన్నని గొట్టమును తన గుండె వరకు తానే ప్రవేశపెట్టుకొని, నడచుకొనిపోయి ఎక్స్‌రే తీయించుకొనెను. దాని ఫలముగా 1956లో నోబెల్ బహుమానము పొందెను. ఆ యేటనే అమెరికాలో, భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు తన ఆచార్యుడు ఫిస్కేతో కూడి, కండరమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును వెల్లడించెను. జర్మనీలో లోమన్ కూడ అప్పుడే దానిని వేరుగా కనుగొనెను. గుండె లోపలికి దారి ఒకరు చూపిరి, గుండె దేనితో కొట్టుకొనుచున్నదో మరియొకరు చూపిరి. 1953లో స్వీడన్ దేశమున ఎడ్లర్, హెర్ట్‌జ్ అను ఇరువురు, ఓడల లోహములో పగుళ్లు వెదకు ధ్వనియంత్రమును చూచి, అట్టిదానిని మనుష్యుని ఎదపై మోపి, ధ్వనితో గుండె బొమ్మను చూపు ఎకో పరీక్షకు నాంది పలికిరి. 1958లో అమెరికాలో సోన్స్ చేయుచున్న పరీక్షలో రంగుద్రవము పొరపాటున గుండెనాళములోనికే పోగా, రోగి బ్రదికి బయటపడుటచే యాంజియోగ్రామ్ సాధ్యమని తెలిసినది. 1977లో జ్యూరిక్ నగరమున గ్రూంట్‌జిగ్ బెలూనుతో నాళమును తెరచెను.

ఇంతటి సాహసములతో సంపాదించిన ఈ చూపును మనము వాడుకొనుచున్న తీరు మాత్రము నాకు ఆందోళన కలిగించుచున్నది. కడపకో తిరుపతికో పోయి ఎకో తీయించుకొని వచ్చినవాడు "గుండె బాగుండాదంట" అని బీడీ ముట్టించుట, రక్తపోటు మాత్ర మానుట నేను ఎరిగిన ఊళ్లలో సామాన్య దృశ్యము. ఎకో చీనీ తోటను చూపును గాని నేలలోపలి డ్రిప్పు గొట్టమును చూపదు: గుండె గదుల పరిమాణము, కవాటముల పని, కండరము ముడుచుకొను బలము అందు కనబడును, ఆ కండరమునకు నీరందించు నాళములో పూడిక ఎంత కలదో విశ్రాంతిగా పండుకొన్నవానికి తీసిన ఎకోలో తెలియదు. చిన్ననాటి కీళ్లవాతము వలన కవాటములు చెడినవారికి, ఆయాసముతో కాళ్లు వాచినవారికి ఆ పరీక్ష అమూల్యము, కిరణముల బాధ లేనిది, గర్భిణికైనను చేయదగినది. ట్రెడ్‌మిల్ పరీక్ష నడచినప్పుడు నొప్పి వచ్చువాని కొరకు. నొప్పి సాగుచుండగా దానిని చేయరాదు. సి.టి. యాంజియోగ్రామ్ నాళములనే చూపును, అనుమానము మధ్యమముగా నున్నప్పుడు మిక్కిలి ఉపకరించును. కాని అందులో ఎక్స్‌రే కిరణములు కలవు, మూత్రపిండములకు భారమైన రంగుద్రవము కలదు. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ మ్రింగువాడు, క్రియాటినిన్ పెరిగినవాడు ఆ సంగతి ముందుగా చెప్పవలెను. ఏ లక్షణమును లేని యువకుడు పండుగ రాయితీలో అమ్ముడు సంపూర్ణ శరీర ప్యాకేజీ కొనుక్కొని స్కానింగులన్నియు చేయించుకొనుటను నేను సమర్థింపలేను. ఆ సొమ్ముతో రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలు అనేక సంవత్సరములు చేయించుకొనవచ్చును.

బొమ్మలో పూడిక కనబడగానే, నాళమును తెరచియుంచు స్టెంటు వేయవలెనా అను ప్రశ్న ఇంతకంటె కఠినమైనది. గుండెపోటు సాగుచున్నప్పుడు మూసుకొన్న నాళమును తెరచుట ప్రాణదానము. అందు సందేహము లేదు. కాని ఏండ్లుగా నడకలో మాత్రమే నొప్పి వచ్చుచు, విశ్రాంతితో తగ్గు స్థిరమైన జబ్బులో 2007 నాటి కరేజ్ పరీక్షయు, 5,179 మందితో 2020లో ప్రకటింపబడిన ఇస్కీమియా పరీక్షయు, మంచి మందులు క్రమముగా వాడువారికి స్టెంటు నొప్పిని తగ్గించునే గాని ఆయువును పెంచినట్లు చూపలేదు. ఎడమ ప్రధాన నాళమున పూడిక కలవారిని, గుండె బలము మిక్కిలి తగ్గినవారిని ఇస్కీమియా పరీక్షలో చేర్చుకొనలేదు. వారి మార్గము వేరు. "నాళము మూసుకపోయింది, రేపే వేయాల" అని విన్న కుటుంబము భయముతో బంగారము కుదువ పెట్టుటకు ముందు, ఇది గుండెపోటా, స్థిరమైన నొప్పియా అని వైద్యుని అడుగుట తప్పు కాదు. స్టెంటు ధర విషయమున మన దేశము కొంత పోరాటము చేసినది: 1990ల దశకమున హైదరాబాదులో హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు, అబ్దుల్ కలాముతో కలిసి చవుక స్టెంటు తయారు చేయించెను. 2017 ఫిబ్రవరిలో కేంద్రము మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించెను.

ఇక చికిత్స ఖర్చును భరించు పథకముల సంగతి. వేంపల్లె మండలములోని ఇడుపులపాయలో సమాధియై యున్న వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయముగా వైద్యుడు. జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆస్పత్రి నెలకొల్పినవాడు. ఆయన ముఖ్యమంత్రిగా నున్న కాలముననే 2005లో 108 వాహనము, 2007 ఏప్రిల్ 1న పేదలకు ఉచిత చికిత్స నిచ్చు ఆరోగ్యశ్రీ పథకము వచ్చినవి. కవాటము మార్చుకొనుటకు, నాళములకు బైపాస్ చేయించుకొనుటకు పొలము అమ్ముకొను దుర్దశ నుండి ఎందరో బయటపడిరి. కాని ఆ పథకపు బలమంతయు ప్రధానముగా ఆస్పత్రి పరుపుపై జరుగు చికిత్సయందే యుండెను. శస్త్రము ముగిసి ఊరు చేరిన వానికి ముప్పది ఏండ్లు మ్రింగవలసిన మాత్రల బాధ్యత చాలవరకు అతని జేబుపైననే మిగిలినది. గుండె వైద్యములో నిజమైన భాగము అచ్చటనే ఆరంభమగునని నా దృఢ విశ్వాసము. మనము అశ్రద్ధ చేయుచున్నదియు ఆ భాగమునే.

మాత్రల అపాయములలో పెక్కు, మాత్ర చెడ్డదగుట వలన కాక, ఒక మాత్ర మరియొకదాని ప్రక్కన చేరుట వలన కలుగును. స్టెంటు వేయించుకొన్న వానికి ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి మరియొక మందు సామాన్యముగా ఏడాది వరకు ఇత్తురు. పన్ను పీకించుకొనుటకు పోయి, రక్తము కారునను భయముతో రెండును మానివేసినచో స్టెంటులోనే గడ్డ కట్టి ప్రాణము పోవచ్చును. హృద్రోగ వైద్యుని అడుగక వానిని ఆపరాదు. అదే రోగి కడుపుమంటకు దుకాణమున ఒమెప్రజోల్ కొని మ్రింగినచో క్లోపిడోగ్రెల్ పని తగ్గును. అట్టివానికి పాంటోప్రజోల్ మేలని వైద్యులు ఎంచుదురు. కీళ్లవాతముతో కవాటము చెడి లోహకవాటము పెట్టించుకొన్న స్త్రీ రక్తమును పలుచజేయు వార్ఫరిన్ గాని, ఏసినోకుమరాల్ గాని జీవితాంతము వాడవలెను; ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్షచే దాని మోతాదు నిర్ణయింపవలెను. ఆమె విరేచనములకు మెట్రోనిడజోల్, మూత్రపు మంటకు కోట్రైమాక్సజోల్ తీసికొన్నచో రక్తము మితిమీరి పలుచనై మెదడులో స్రవించు ప్రమాదము కలదు. ఆకుకూరలు ఒక వారము గంపెడు తిని మరువారము మానుటచేత మందు బలము మారును. మానవలసిన పని లేదు, ఒకే తీరున తినవలెను. గర్భము నిలిచినచో వెంటనే చెప్పవలెను, ఏలయన వార్ఫరిన్ శిశువుకు హాని చేయగలదు.

నొప్పి మాత్రల విషయమున ప్రపంచమునకే పాఠము నేర్పిన సంఘటన 2004 సెప్టెంబరు 30న జరిగినది. కడుపునకు సుఖమని పొగడబడిన రోఫెకాక్సిబ్ గుండెపోటును పెంచుచున్నదని తేలి, మెర్క్ సంస్థ దానిని ప్రపంచమంతట ఉపసంహరించుకొనెను. మన దేశమును దానిని నిషేధించినది. ఆ జాతిలోనివే డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్. వేరుశెనగ పీకు దినములలో నడుము విరిగిన కూలీ వీనిని బఠానీలవలె నములుట నేను చూచితిని. అవి రక్తపోటును పెంచును, ఒంట నీరు నిలుపును, మూత్రపిండములను దెబ్బతీయును. ఐబుప్రోఫెన్ ఆస్పిరిన్ మేలును అడ్డగించును. దీనికి తోడు పొట్లములో కలిపి ఇచ్చు స్టెరాయిడ్ మాత్ర ఒకటి రెండు దినములు అద్భుతముగా పనిచేసి, చక్కెరను, రక్తపోటును పైకి నెట్టును. ఏ మాత్ర ఏదో పేరు వ్రాయని పొట్లమును గుండెరోగి ముట్టరాదు. గుండెలయను తారుమారు చేయు మందుల సంగతియు మరువరాదు: అజిత్రోమైసిన్, డోంపెరిడోన్ వంటి సామాన్యపు మందులు సైతము, ఇ.సి.జి.లో క్యూ.టి. అను విరామము ముందే పొడుగై యున్నవానికి ప్రాణాంతకము కావచ్చును. ఎదనొప్పికి నాలుక క్రింద పెట్టుకొను సార్బిట్రేట్ మాత్రను, మగతనమునకై సిల్డెనాఫిల్ వాడిన దినమున వేసికొన్నచో రక్తపోటు కూలిపోవును. సిగ్గుపడి ఆ సంగతి దాచినవాని ప్రాణమును వైద్యుడు కాపాడలేడు. నాటుమందు కావున హానిలేదనుకొనుటయు పొరపాటే: దగ్గునకు దీర్ఘకాలము వాడు అతిమధురము రక్తపోటును పెంచి పొటాషియమును తగ్గించును, ఆ తగ్గుదలలో డిగాక్సిన్ అను గుండెమందు విషమగును.

ఈ సీమకు ప్రత్యేకమైన మరియొక ప్రమాదము ఎండ. ఏప్రిలు, మే మాసములలో వేడిమి 43, 44 డిగ్రీలకు చేరినప్పుడు, మూత్రము పోయించి రక్తపోటు తగ్గించు మాత్రలు వాడు రైతు చేలో చెమటతో నీరును, ఉప్పును కోల్పోవును. అదే దినము రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి మరియొక రక్తపోటు మాత్రయు, దానిపై ఒక నొప్పి మాత్రయు పడినచో, మూడును కూడి మూత్రపిండములను ఒక్క వారములో చెడగొట్టగలవు. తల తిరిగి పడిపోవు వృద్ధులలో కొందరికి పట్టినది వడదెబ్బ మాత్రమే కాదు. వేసవి ముందు ఒకసారి వైద్యుని కలిసి మోతాదు సరిచూపించుకొనుట, వాంతులు విరేచనములు పట్టిన దినములలో ఏ మాత్ర ఆపవలెనో అడిగి తెలిసికొని యుంచుట ఈ ప్రాంతపు రోగి హక్కు. రక్తపోటు మాత్ర అలవాటైనచో విడువదను భయముతో తమంత తామే మానివేయువారికి నేను చెప్పునది ఒక్కటే: మాత్ర విడువకుండుట వ్యసనము కాదు, జబ్బు విడువలేదని అర్థము. 2017లో ఆరంభమైన దేశీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమము, తొలుత తెలంగాణతో సహా అయిదు రాష్ట్రములలో, రెండు మూడు చవుక మందులను నిర్ణీత క్రమములో ప్రాథమిక ఆరోగ్య కేంద్రముననే ఇచ్చుటతో పని సాగించినది. ఇట్టిదానికి పెద్ద భవనములు కావలయునా?

ప్రభుత్వమును నేను కోరునది ఇంతమాత్రమే: వేంపల్లె వంటి ఊరి ఆస్పత్రిలో రాత్రి వేళలందును ఇ.సి.జి. తీయు మనిషి ఉండవలెను, గడ్డ కరగించు మందు చల్లని పెట్టెలో సిద్ధముగా నుండవలెను, గుండెరోగికి నెల మాత్రలు ఒకేసారి ఉచితముగా అందవలెను. పాఠకులను కోరునది ఇంతకంటె సులభము. ఈ దినమే మీ ఇంటి పెద్దల మాత్రలన్నియు, దుకాణమున చీటీ లేక కొన్నవియు, నాటుమందులును, పొట్లములును సహా, ఒక సంచిలో వేసి, ఇ.సి.జి., ఎకో కాగితములతో కలిపి యుంచుడు; పన్ను పీకించుకొనుటకైనను, జ్వరమునకైనను, ఏ వైద్యుని యొద్దకు పోయినను ఆ సంచిని ముందుగా బల్లపై పెట్టి చూడుమని అడుగుడు. ఎదలో బరువు పది నిమిషములు తగ్గనిచో వామును, సూదిని వెదకక 108కి ఫోను చేయుడు.